మా తెరల మేస్త్రి వెలుగు పని

మా తెరల మేస్త్రి చనిపోయారన్న కబురు సోమవారం మధ్యాహ్నం వచ్చింది. ఆ సమయానికి నేను ఎనిమిదో తరగతి పిల్లలకి బోర్డు మీద కూజా బొమ్మ గీసి చూపిస్తున్నాను. బడి ప్యూను గుమ్మం దాటి లోపలికి రాకుండానే, "టీచరమ్మా, తెరల మేస్త్రి సచ్చిపోనాడంట. ఆ గదిలోనే. కూకున్నోడు కూకున్నట్టే ఉన్నాడంట" అన్నాడు. నేను విన్నాను. విని కూడా కూజాకి కుడివైపు నీడ వేస్తూనే ఉన్నాను. నీడంతా వెయ్యడం అయ్యాక సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని, అప్పుడు "ఏమన్నావు?" అని అడిగాను.

ఆయన పోయిన ఇరవయ్యో రోజున ఇది రాస్తున్నాను. నా బుర్ర ఇంకా ఆ "ఏమన్నావు?" దగ్గరే ఉంది. ఆయనకి జబ్బు లేదు. పెద్ద వయసూ కాదు, యాభై అయిదు దాటి ఉండవు. ముందురోజు సాయంత్రం విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక బండివాడితో నవ్వుతూ బేరమాడుతుంటే చూసినవాళ్ళున్నారు. సోమవారం పొద్దున్న చోడి అంబలి తాగి, "మజ్జేనానికి పిలు" అని పెళ్ళానికి చెప్పి పనిగదిలోకి వెళ్ళారు. మధ్యాహ్నం ఆమె పిలిస్తే పలకలేదు. రంగు మీద ఉన్నారేమో అనుకుందామె. ఇంకాసేపటికి మళ్ళీ పిలిచి, తలుపు బాది, చుట్టుపక్కల వాళ్ళని కేకేసింది. తలుపు లోపల గడియ వేసి ఉంటే, వాళ్ళు గడియ విరగ్గొట్టి తీశారు.

ఆయనెవరో మీలో చాలామందికి తెలియదు, కాని ఆయన పని మీరు చూసే ఉంటారు. విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల ఎక్కడ నాటకం ఆడినా పాత్రధారుల వెనక ఒక తెర వేలాడుతుంది కదా, రాజుగారి దర్బారో, జమీందారు హాలో, పేదవాడి వంటిల్లో. వాటిలో సగానికి పైగా ఆయన చేతివే. కరపత్రంలో హార్మోనిస్టు పేరు వేస్తారు, మేకప్ వాళ్ళ పేరు వేస్తారు, తెర రాసినవాడి పేరు ఎవరూ వెయ్యరు. ఆయనకి దాని మీద పట్టింపూ లేదు. ఒకసారి ఒక నాటకంలో తాగుబోతు తండ్రి వేషగాడు ఇంట్లోకి వస్తూనే భుజం మీది కండువా తీసి గోడ మేకుకి తగిలించబోయాడు. కండువా జారి కింద పడింది. ఎందుకంటే ఆ మేకు మేస్త్రి తెర మీద రాసింది. జనం ఈలలు వేశారు. వేషగాడు తెలివైనవాడు, "నా ఇంట్లో మేకు కూడా నన్ను లెక్కచెయ్యడం నేదు" అని సర్దేశాడు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా మేస్త్రి నవ్వలేక పొట్ట పట్టుకునేవారు.

నేనాయన దగ్గరికి నేర్చుకోడానికి వెళ్ళాను. మాది భోగాపురం వైపు మిషను చర్చి కుటుంబం. డ్రాయింగులో హయ్యరు పరీక్ష పాసై, ఇక్కడ ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుగా చేరాను. స్కేలూ పెన్సిలూ ఇస్తే గది నాలుగు మూలలూ తప్పు లేకుండా కలపగలను. కాని నేను వేసిన ఏ గదీ గదిలా ఉండేది కాదు. అట్టపెట్టెలా ఉండేది. ఒకరోజు ఒక నాటకంలో ఆయన రాసిన వంటింటి తెర చూశాను. పొయ్యి వెనక గోడ మీద మసి, పైన పెంకుల సందులోంచి దిగిన వెలుగు, ఆ వెలుగు ఇత్తడి బిందె భుజాన్ని పట్టుకున్న తీరు. నాటకం కథేమిటో ఇప్పటికీ నాకు గుర్తులేదు. మర్నాడే అడ్రసు కనుక్కుని వెళ్ళాను.

నేను తీసుకెళ్ళిన బొమ్మని ఆయన చాలాసేపు చూశారు. "ఇల్లు బాగా కట్టేవు టీచరమ్మా. దీన్లో ఒక్కలూ కాపరం ఉండడం నేదు" అన్నారు.

నాకు రోషం వచ్చింది. మంచం వేశాను, కుర్చీ వేశాను, ఇంకేం కావాలన్నాను.

"గోడకి తలానించినోడు ఏడీ? తలుపు కాడ పిల్లల సేతి జిడ్డు ఏదీ? గుమ్మానికి రాసిన పసుపు సగం అరిగిపోవాల గదా? ఎవులి కోసం కట్టేవు మరీ ఇల్లు?"

ఆ సాయంత్రం నా అద్దె గదికి వెళ్ళి చూసుకున్నాను. మంచం తలవైపు గోడకి, సరిగ్గా నేను ఆనుకుని పుస్తకం చదివే చోట, ఇంత నూనె మరక. రెండేళ్ళుగా ఆ గదిలో ఉంటూ నా తల మరక నేనే చూసుకోలేదు. సిగ్గేసింది. మళ్ళీ శనివారం వెళ్ళి ఆ మాట చెప్తే ఆయన సంబరపడిపోయి, "ఓసే, టీచరమ్మ ఇంట్లో మడిసి దొరికింది" అని లోపలికి కేకేశారు. అప్పుడు వచ్చింది ఆయన భార్య, చేతులు కొంగుకి తుడుచుకుంటూ. ఆ రోజు నుంచీ నేనామెని పిన్నీ అనే పిలుస్తున్నాను.

మట్టిగోడ ఎలా రాయాలో చెప్పడానికి ముందు ఆయన నాచేత నిజం గోడ ఒకటి అలికించారు. పెరట్లో పిన్ని అలుకుతున్న గోడ సగంలో ఆపించి, మిగతా సగం నాకప్పగించారు. అరచెయ్యి ఎక్కడ ఆగుతుందో, వేళ్ళు ఎక్కడ జారుతాయో చెయ్యికి తెలిస్తే గాని కుంచెకి తెలియదన్నది ఆయన వాదన. తర్వాత తెర మీదికి వచ్చాం. చింతపిక్కల జిగురు పట్టించిన గుడ్డ, పొడి రంగులు, వాటిని పట్టి ఉంచడానికి వడ్రంగులు వాడే వజ్రం బంక. మట్టిగోడ గరుకుకి ఎర్రమన్ను రంగులో జల్లెడపట్టిన తవుడు కలిపేవారు. సున్నం పెచ్చులూడిన చోటుకి గోనెపట్టా ముక్కని ఉండ చుట్టి రంగులో ముంచి అద్దేవారు. పది రకాల కుంచెలు కొనుక్కుని వెళ్ళిన నేను ఆరు నెలలపాటు గోనెముక్కతోనే పనిచేశాను.

ఇదంతా అయ్యాక వచ్చేది వెలుగు. ఆయన భాషలో "ఎలుగు పని". "ముందు ఇంటిని వాడాల టీచరమ్మా. వాడి వాడి పాతబడిపోనాక అప్పుడు ఎలుగుని పిలవాల. కొత్తింట్లోకి ఎలుగొస్తే అది ఉట్టి సున్నమే" అనేవారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. మన ఊళ్ళలో నాటకాలు గేసు లైట్ల ముందు ఆడతారు. పగటి వెలుగులో కలిపిన రంగు గేసు లైటు ముందు అలాగే ఉండదు. లేత పసుపు మొత్తం తెల్లబడిపోతుంది, నీలం మురికిపడుతుంది. అందుకని మేస్త్రి వెలుగు పని చేసేటప్పుడు పట్టపగలే గది తలుపులన్నీ మూసేసి, గేసు లైటు వెలిగించుకుని కూర్చునేవారు. నేను చేరకముందు ఆయన పని తాటాకు పాకలో జరిగేదట. పాక గాలివానకి పడిపోయాక, ఇంటి పక్కనే ఉన్న పాత గోగునార గోదాం అద్దెకి తీసుకున్నారు. మందమైన గోడలు, ఇనప తలుపు. ఏ సందులోంచీ పగలు రాకుండా ఆయనే కూర్చుని గోగునార కూరి, పైన తారుకాగితం అంటించారు. వజ్రం చల్లారితే గడ్డకట్టుకుపోతుంది కనక పక్కనే బొగ్గుల కుంపటి ఉండేది. దారినపోయేవాళ్ళు తలుపు కిందనుంచి గేసు లైటు చప్పుడు విని, పగటిపూట లైటేమిటని నవ్వుకునేవారు. అదే గదిలో రెండేళ్ళు నేర్చుకున్నాను.

నాకు ఆ తలుపు మూయడం మొదట్నించీ పడలేదు. ఒకటి, ఉక్క. రెండు, అరగంటకల్లా తల దిమ్మెక్కి, కణతలు నొప్పి పుట్టేవి. మూడోది పైకి అనేదాన్ని కాదు గాని, పెళ్ళికాని దాన్ని, పగలు తలుపు మూసిన గదిలో ఉండడం. కుంచె చేతికొచ్చిన కొత్తలో ఒకసారి ఆయన లేనప్పుడు తలుపు బార్లా తీసుకుని, పగటి వెలుగులోనే రంగు కలిపి, ఒక తెరలో కిటికీలోంచి పడే ఎండ రాసేశాను. ఎంత చక్కగా వచ్చిందో! నాకు నేనే మురిసిపోయాను. ఆ నాటకం మొదటిరోజు చూడ్డానికి వెళ్ళాను. కథానాయిక చెయ్యి చాపి, "చూడు నాన్నా, మన ఇంట్లోకి ఎంత ఎండ పడుతోందో" అంది. తెర మీద ఎండ లేదు. గేసు లైటు నా పసుపునంతా మింగేసింది. ఒట్టి గోడ. వెనకనించి ఎవరో "ఎండ కాడికెల్లిపోనాది?" అని అరిచారు, జనం గొల్లుమన్నారు. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. నాటకం వాళ్ళు మర్నాడు మేస్త్రి మీదికి వస్తే, "మందంగా రాయడం మరిసిపోనాను బాబూ" అని తప్పు తన మీద వేసుకున్నారు. వాళ్ళు వెళ్ళాక నాతో ఒక్క మాటే అన్నారు. "తలుపెయ్యి."

వేసేదాన్ని. కాని అరగంటకోసారి లేచి తీసేదాన్ని కూడా. వజ్రం కలిపే వంకతోనో, నీళ్ళు తాగే వంకతోనో తలుపు తీసి కాసేపు గుమ్మంలో నిలబడేదాన్ని. ఆయన చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, "అమ్మా తల్లీ, కళ్ళు పాడైపోతాయి! మళ్ళీ గేసు లైటుకి అలవాటవాలంటే ఎంతసేపు? ఏటి నీ బాద?" అని కసురుకునేవారు. "నాకు తలనొప్పి" అనేదాన్ని. "కిరసనాయిలు వాసన" అనేవారు. "ఏదైతేనేం, నొప్పి నాది కదా" అనేదాన్ని. ఆయన విసుక్కుంటూనే కుంచె పక్కన పెట్టి తానూ వచ్చి బయటి గాలి పీల్చి, చుట్ట ముట్టించి, "సూడు, నీవల్ల రంగు ఆరిపోనాది" అని దెప్పేవారు. ప్రతి శనివారం మధ్యాహ్నం, ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఇదే తంతు. ఎందుకంటే ఆయన వెలుగు పని ఆ రెండు రోజులకే దాచేవారు, నేను చూడాలని. మిగతా రోజుల్లో గీతలు, గోడలు, మట్టిరంగులు, అన్నీ తలుపు తీసుకునే.

అయిదు వారాల కిందట మా హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిచి, కూర్చోమని కూడా అనకుండా, "పగలు తలుపులు వేసుకుని పరాయి మగాడితో ఏం బొమ్మలమ్మా అవి? పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్నారు" అంది. ఏ తల్లి అడిగిందని నేను అడగలేదు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, నా చెల్లెలి చదువు దాని మీద ఉంది. భయపడ్డాను. అంతకంటే ఎక్కువ సిగ్గుపడ్డాను, చెయ్యని తప్పుకి. ఈ మాట మేస్త్రికి ఎలా చెప్పను? పరీక్షల పని ఉంది, కొన్నాళ్ళు రాలేనని చీటీ రాసి ప్యూనుతో పంపించాను. ఆయన చీటీ చదివించుకుని, "పరీక్షలైపోనాకే రమ్మను. రామతీర్థం తెరలో కిటికీ ఆమెకే ఒగ్గీసేనని సెప్పు" అని కబురు పంపారు. రామతీర్థంలో జరగబోయే తీర్థం జాతరకి ఒక నాటక సమాజం పేదవాడి ఇల్లు తెర అడిగింది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ తెరకి వెలుగు పని ఎవరి కోసమూ ఆగదనీ తెలుసు. అయినా వెళ్ళలేదు.

సోమవారం నేను వెళ్ళేసరికి ఆయన్ని గదిలోంచి తెచ్చి చాప మీద పడుకోబెట్టారు. ముఖం ఎర్రగా, ఇప్పుడే ఎండలోంచి వచ్చినట్టు ఉంది. నమ్మండి, నేను ముందు అనుకున్నది ఈయనకి ఏమీ కాలేదనే. కుడిచేతి వేళ్ళకి పసుపు రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. పిన్ని ఏడవడం లేదు. నన్ను చూసి, "రెండాదివారాలూ ఏటైపోనావే అమ్మీ?" అంది. నిష్ఠూరంగా కాదు, నిజంగానే అడిగింది. అబద్ధమని తెలిసి కూడా "పరీక్షలు పిన్నీ" అన్నాను, శవం పక్కన నిలబడి.

సర్కారు ఆసుపత్రి డాక్టరు కుర్రాడు వచ్చి చూశాడు. గదిలోకి వెళ్ళి, గోగునార కూరిన సందుల్ని చేత్తో తడిమి, కుంపటిలోని బూడిదని చూసి బయటికి వచ్చాడు. "బొగ్గు గాలి" అన్నాడు. "మూసిన గదిలో బొగ్గు కాలితే వస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్ర ముంచుకొచ్చినట్టు ఉంటుంది, అంతే. ఈ గదిలో ఇంతకుముందు ఎవరికైనా తలనొప్పి వచ్చేదా?"

"నాకు వచ్చేది" అన్నాను.

"వస్తే ఏం చేసేవారు?"

"తలుపు తీసేదాన్ని."

అతను నా వంక చూడ్డం మానేసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నేను మాత్రం ఆ మాటని ఇప్పటికీ లోపల అంటూనే ఉన్నాను. బడికి వెళ్తూ అంటున్నాను, హాజరు పిలుస్తూ అంటున్నాను, చర్చిలో మోకరించి అంటున్నాను. రెండేళ్ళు నేను తీసింది ఏ తలుపో నాకు తెలియదు, ఆయనకీ తెలియదు. ఉక్కకి తీశాను, నొప్పికి తీశాను, లోకానికి వెరచి తీశాను. చివరికి ఆ లోకానికి వెరచే తియ్యడం మానేశాను.

పెద్దకర్మ అయిన మర్నాడు పిన్ని కబురు పెట్టింది. నేను వెళ్ళేసరికి గోదాం తలుపు తీసి ఉంది. ఎవరో సందుల్లోని గోగునారంతా పీకి కుప్పపోశారు. లోపల రామతీర్థం తెర నిలువునా వేలాడుతోంది. పేదవాడి ఇల్లు. గోడకి తలానించిన మరక, గుమ్మానికి అరిగిన పసుపు, పొయ్యి పైన మసి, అన్నీ ఉన్నాయి. పొయ్యిలోని నిప్పు కాంతి సగం వరకూ పాకి ఆగిపోయి ఉంది, ఆయన ఆగినచోటే. ఎడమవైపు కిటికీ చోటు మాత్రం ఉత్త గుడ్డ. "తెర కోసం నాటకపోళ్ళు రెండుసార్లు వొచ్చేరు" అంది పిన్ని. "నీకు ఒగ్గీసేడు గదా. నువ్వే ఎయ్యి."

అప్పుడు ఇంక ఆగలేకపోయాను. పరీక్షలు అబద్ధమని చెప్పాను. హెడ్‌మిస్ట్రెస్ అన్నది ఉన్నదున్నట్టు చెప్పాను. నేను వచ్చి ఉంటే తలుపు తీసేదాన్ననీ, తీసి ఉంటే ఆయన చుట్ట కాలుస్తూ నన్ను తిడుతూ ఉండేవారనీ చెప్పాను. తిట్టమన్నాను, కొట్టమన్నాను. పిన్నికి కోపం వస్తుందనుకున్నాను. వచ్చింది కూడా, కాని నేననుకున్న చోటికి కాదు.

"ఆ మాటేదో నాకు సెప్పలేకపోనావా? గుమ్మంలో పీటేసుకుని నాను కూకుందును గదే! నా మొగుడికీ నీకూ ఇద్దరికీ కాపలా ఉందును. లోకానికీ నోరు మూతపడును, ఆడికీ ఊపిరాడును." అంటూనే, పదకొండు రోజులకి అప్పుడు ఏడ్చింది. ఇద్దరం ఏడ్చాం.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళాను. బడి సంగతి బడిలో చూసుకుందామనుకున్నాను. కుంపటిని పిన్నే బయట అరుగు మీద పెట్టి, వజ్రం కాచి, గిన్నెతో లోపలికి అందించింది. గేసు లైటు వెలిగించలేదు. తలుపు మూయకుండా కలిపే రంగు గేసు లైటు ముందు నిలుస్తుందో లేదో నాకు తెలియదు. ఆయన ఎంత మందంగా కలిపేవారో చేతి గుర్తుతోనే కలిపాను. పిన్ని పీట తెచ్చుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. పక్కింటావిడ వచ్చి, "ఇదేటప్పా! మొన్న కదా ఆయన పోనాడు, ఈదిలో కనపడేటట్టు గుమ్మంలో కూకున్నావు?" అని ముక్కున వేలేసుకుంది.

"మా టీచరమ్మ ఎలుగెడతన్నాది" అంది పిన్ని, వెనక్కి తిరగకుండానే. "తలుపు పడిపోకండా సూస్తన్నాను."

గాలి వేసినప్పుడల్లా ఆ ఇనప తలుపు మెల్లగా మూసుకోబోయేది. ఆమె ఒక కాలు చాపి దాన్ని ఆపేది. కిటికీలో మొదటి పూత పడింది, రెండోది పడింది. పగటి వెలుగులో అది పచ్చిగా, తప్పుగా ఉంది. నేను పూత కొడుతూనే ఉన్నాను. సాయంత్రం దాకా ఆమె ఆ కాలు తియ్యలేదు.